పడవ అంచున పసుపు

3-2-2003
డ్యాం ఒడ్డు, కృష్ణగిరి

అక్కకు,

పొద్దున మంచు. పది గంటలకు గాని అవతలి ఒడ్డు కనిపించలేదు. మామిడి చెట్ల కింద ఏళ్లుగా బోర్లించి ఉన్న పడవను ఈరోజు మారియప్ప, నేను తిరగేశాం. మారియప్ప నీకు తెలుసు, డ్యాంలో వలలు వేసేవాడు.

కాలు అలాగే ఉంది. చెట్టు మీది నుంచి పడినప్పటి నుంచి ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. డాక్టరు చెట్టెక్కవద్దన్నాడు, దూరం నడవవద్దన్నాడు. ఊరికే కూర్చోవడం ఎలాగో చెప్పలేదు. చేతులు ఊరుకోవు. తాడు కనిపిస్తే ముడి వేస్తున్నాను, ముడి కనిపిస్తే విప్పుతున్నాను.

నీళ్ల అవతల మన చేను రెండేళ్లుగా బీడు. కట్ట చుట్టి పోవాలంటే రెండు బస్సులు మారి, దిగాక చాలా దూరం నడవాలి. ఈ కాలుతో అది కాని పని. పడవైతే నేరుగా పోవచ్చు. తెడ్డు వేసేది చేతులే కదా. అందుకని దీన్ని బాగుచేయాలనుకున్నాను. ఈ వానలకు అవతల రాగులు చల్లకపోతే ఇక ఎప్పటికీ చల్లలేనని నాకు తోస్తోంది.

అడుగు పలకలు రెండు చెదలు తినేశాయి. అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి. డ్యాం కట్టి ఊరు మునిగేటప్పుడు నాన్న మన ఇంటి ద్వారబంధం ఊడదీసి చేసిన అంచులు కదా. నిలువు చెక్కలు ముందు సగానికి ఇరుపక్కలా, గడప ముందువైపు అడ్డంగా. ముందు చెక్క మీద నీ పసుపు ఇంకా ఉంది. గోటితో గీరితే పొరలుగా లేస్తుంది.

అంచులకు పూయడానికి మంచి అవిసె నూనె, అదే లిన్సీడ్, కావాలి. ఇక్కడి అంగట్లో ఉన్నది నీళ్లలా ఉంది. హోసూరులో దొరికితే బస్సులో పంపు. మేనల్లుడు గోకుల్ కొత్త ఇంటి గోడలు పైకి లేచాయని రాశావు. సంతోషం.

శ్రీరంగప్ప


12-2-2003
జూజువాడి, హోసూరు

నాయనా శ్రీరంగా,

నీ జాబు చేరింది. ఫోను చేస్తే "ఊ" అంటావు, ఇంకోసారి "ఊ" అంటావు, పెట్టేస్తావు. కాగితమిస్తే మాత్రం ఇంత రాస్తావు. సరే, రాయి. నా కొడుక్కి తెలుగు చదవను రాదు, కోడలికీ రాదు. వాళ్లదంతా తమిళం, ఇంగ్లీషు. టేబుల్ మీద పెట్టి పోయినా నీ జాబు ఎవరూ చదవలేరు. అదొక సుఖం. నీ మాదిరి పుస్తకం తెలుగు నాకు రాదు, నోట్లో ఉండేదే రాస్తాను.

చెట్టెక్కద్దురా అంటే ఎక్కి పడినావు. ఇప్పుడు నీళ్లలో పడేదానికి పడవ చేస్తా ఉండావా? చెప్తే వినే జాతి కాదు మనది.

ముందు చెక్క గట్టిగా ఉందని రాసినావే, ఆ మాట చదివి కాగితం కళ్లకద్దుకున్నాను. అది అమ్మ గడప. బాగా చూసుకో. దాని మీద ఎవరినీ కాలు పెట్టనియ్యద్దు. మారియప్పకు గట్టిగా చెప్పు, వానికి తెలీదు.

వైశాఖంలో గృహప్రవేశం, మే పద్నాలుగో తేదీ. ఇంట్లో అన్నీ కొత్తవే. టైల్సు యాడనో గుజరాతు నుంచి తెప్పించినాడు నా కొడుకు. ఒక్కటన్నా మనది ఉండాలని నా పట్టు. అందరికీ చెప్పి పెట్టినాను కూడా. అంతలోపల నువ్వు దాన్ని నున్నగా చేసి పెట్టు. పొడవెంతో కొలిచి రాయి.

నూనె డబ్బా కండక్టరు రాజప్ప చేతికిచ్చినాను. సీటు కింద పెట్టుకుంటానన్నాడు. కారితే ఆయప్పను తిట్టు, నన్ను కాదు.

మీ అక్క
మునిలక్ష్మమ్మ


24-2-2003
డ్యాం ఒడ్డు

అక్కకు,

ఎండ ముదిరింది. నూనె డబ్బా కారకుండా వచ్చింది. చెదలు తిన్న పలకలు తీసి కొత్తవి వేశాం. సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కరిగించి పోశాం. ఆ వాసనకు పక్కతోట వాళ్లు ఇక్కడ ఏదో పూజ జరుగుతోందనుకుని వచ్చారు.

పడవ మీద నీకింత ఆశ ఉందని నాకు తెలియదు. గృహప్రవేశానికి వచ్చే చుట్టాలను ఎక్కించి తిప్పాలని కాబోలు. తీసుకురా. కాని ఒక్కసారికి ఆరుగురి కన్నా ఎక్కువ ఎక్కించను. బేరిగై నుంచి వచ్చే మన అత్త కొడుకును ఇద్దరి కింద లెక్కపెడతాను.

పొడవు అడిగావు. పద్నాలుగు అడుగులు.

అంచుల పని మెల్లగా సాగుతోంది. పాత తారు గీరాలి, తర్వాత గరుకు ఉప్పుకాగితంతో చెక్క నార తీరు వెంట రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడి నూనె పూసినప్పుడు బయటపడతాయి. నూనె పలుచగా పూసి, కాసేపాగి, చెక్క తాగనిది గుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే బంకలా మిగిలిపోతుందని మొదటిరోజే తెలుసుకున్నాను. ఎండలో పూయకూడదు, నీడలో పూయాలి. ముందు చెక్క తుడిస్తే గుడ్డ పసుపుపచ్చగా వస్తోంది. ఎంత తుడిచినా వస్తూనే ఉంది.

మారియప్పకు చెప్పాను. "కాలు పెట్టను గాని అప్పా, ఎక్కేదెట్ల, ఎగిరా?" అన్నాడు. ఎగిరి చూపించమన్నాను. ఎగిరాడు.

శ్రీరంగప్ప


7-3-2003
జూజువాడి

శ్రీరంగా,

పద్నాలుగు అడుగులా? గోకుల్‌కు చెప్తే వాడు పడి పడి నవ్వినాడు. "మామ ఏమన్నా చెక్‌పోస్టు లారీ ఇంట్లోకి తోలాలనుకుంటా ఉండాడా అమ్మా?" అన్నాడు. నేను అడిగింది పడవ పొడవు కాదు నాయనా, గడప పొడవు. మన కొత్తింటి వాకిట్లో పెట్టేదానికి. ఆ మాట నేను సరిగ్గా రాయలేదేమో, నీకు తెలిసే ఉంటుందనుకున్నాను.

పడవలెక్కి తిరిగే వయసా నాది? ఆ నీళ్లు చూసి ఎన్నేండ్లైందో! చూడాలని కూడా లేదు.

వడ్రంగి ఆచారిని పంపిస్తా ఉండాడు గోకుల్. ఒక పూట పని అంట. ఆ చోట నీకు వేరే మంచి చెక్క వేసిచ్చేస్తాడు. చెక్కకు చెక్క.

మునిలక్ష్మమ్మ


9-3-2003
డ్యాం ఒడ్డు

అక్కకు,

నిన్న మబ్బు, వాన లేదు. నీ జాబు ఇంకా రాలేదు. దానికన్నా ముందు ఆచారి వచ్చాడు.

నేను కుడి అంచుకు నూనె పూస్తున్నాను. సంచి దించి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చెక్క మీద చెయ్యి పెట్టాడు.

"ఇదేనా అప్పా గడప?"

"ఇదే."

"పీకేదేనా?"

"దేనికి?"

"అదేమప్పా, మీ అక్క చెప్పలేదా? కొత్తింటికి!"

కాఫీ ఇచ్చి పంపించేశాను. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

ఆ చెక్క రెండు అంచులనూ పట్టుకుని ఉంది. అది తీస్తే అంచులు విడిపోతాయి. అంచులు విడిపోతే పలకలు సందులు ఇస్తాయి. వేరే చెక్క వేయవచ్చని ఆచారి అన్నాడు. ఇది నీళ్లు తాగి, ఎండి, అన్నేళ్లుగా ఆ వంపుకు అలవాటు పడిన చెక్క. కొత్తది అంత బిగువుగా కూర్చుంటుందో లేదో ఆయన చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేను.

వానలు జూన్‌లో. అంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు. మధ్యాహ్నం కుడి అంచుకు రెండో పూత వేశాను.

శ్రీరంగప్ప


17-3-2003
జూజువాడి

శ్రీరంగప్పకు,

ఆచారిని కాఫీ ఇచ్చి పంపించినావంట. గొప్ప మర్యాద. బస్సు చార్జీ పెట్టుకుని వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగొచ్చి మా కోడలి ముందర చెప్తా ఉంటే నా తల యాడ పెట్టుకోవాల?

నేను చేను అడిగినానా? తోట అడిగినానా? ఒక చెక్క ముక్క. అమ్మ చెయ్యి తగిలిన వస్తువు నా దగ్గర ఒక్కటీ లేదు. చీరలు చిన్నమ్మలు తీసుకున్నారు, గిన్నెలు నీళ్లపాలైనాయి. మిగిలింది ఆ గడపే. పెండ్లైన రోజు ఆ పడవలోనే దాటినాను. అంత ఏడుపులో కూడా దాన్ని తొక్కకుండా చీర ఎత్తిపట్టి దాటి ఎక్కినాను. నువ్వు చిన్నోడివి, నా పెట్టె మీద కూర్చొని వక్కపొడి తింటా ఉన్నావు. నీకేం తెలుసు?

పడవ కావాలా, అక్క కావాలా అని నేను అడగను. నీ దగ్గర నుంచి "ఊ" తప్ప ఏమొస్తుంది?

ఇంటి పని చాలా ఉంది. మళ్లీ రాసేదానికి తీరదు.

మునిలక్ష్మమ్మ


2-4-2003
డ్యాం ఒడ్డు

అక్కకు,

ఉగాది. ఎండ, పడమటి గాలి. వేపపువ్వు కోయడానికి నేను చెట్టెక్కలేదు, పిల్లలు తెచ్చిచ్చారు.

నీ జాబు వచ్చినప్పటి నుంచి పడవ దగ్గరికి పోవడం, తిరిగి రావడం, మళ్లీ పోవడం. ఏ పనీ ముగియలేదు. చివరికి నిన్న మారియప్పను పిలిచి ముందు చెక్క నేనే ఊడదీశాను. అంచులు విడిపోకుండా తాడుతో బిగించి కట్టాం. అయినా రాత్రికి ఎడమ అంచు వేలెడు పక్కకు జరిగింది.

నీకు పంపుదామనే తీశాను. కాని ఇది గడప కాదు. ద్వారబంధం పై చెక్క. అయినా కావాలంటే రాయి, పంపుతాను.

శ్రీరంగప్ప


9-4-2003
(కార్డు)

శ్రీరంగప్పకు,

ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. కథలు చెప్పద్దు. ఇన్నేండ్లు పసుపు పూసింది నేను, నాకు తెలీదా అది గడపో కాదో? గోకుల్ గ్రానైటు గడప తెచ్చేసినాడు. మీ కృష్ణగిరి రాయే. అద్దం మాదిరి ఉంది, మొహం చూసుకోవచ్చు. నీకు ఇక శ్రమ లేదు.

మునిలక్ష్మమ్మ


13-4-2003
డ్యాం ఒడ్డు

అక్కకు,

గాలి లేదు. నీళ్లు బాగా దిగాయి. ఈ కవరుతో పాటు అగ్గిపెట్టె ఒకటి రాజప్ప చేతికిచ్చాను. ముందు అది తెరిచి చూడు, తర్వాత ఇది చదువు.

నేను తక్కువ రాశాను. అందుకే అది అబద్ధంలా కనిపించింది. ఈసారి మొత్తం రాస్తాను.

చెక్క ఊడదీశాక లోపలి వైపు, అంటే ఇన్నాళ్లూ పడవలో కూర్చున్నవాళ్ల మోకాళ్లకు ఎదురుగా ఉన్న వైపు, నాన్న పూసిన తారు గీరాను. తారు కింద మేకులు. పొడవునా ఒకే వరుసలో. చాలావరకు విరిగిపోయి చెక్కలోనే ఉన్నాయి. గడపకు మేకులు ఎవరు కొడతారు? అవి మామిడాకుల తోరణం కట్టే మేకులు. ఒకటి మాత్రం విరగకుండా, వంగి చెక్కకు అతుక్కుని ఉంది. దాన్నే లాగి నీకు పంపాను.

ఇంకొకటి. గడప తొక్కకూడదంటారు గాని పిల్లలు తొక్కకుండా ఉంటారా? మన గడప నడుమ పల్లం ఉండేది. అందులో నువ్వు చింతగింజలు అరగదీసేదానివి. ఈ చెక్కకు ఆ పల్లం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న ద్వారబంధం తీసిన రోజు నువ్వు బేరిగైలో అవ్వ దగ్గర ఉన్నావు. నేను అక్కడే ఉన్నాను. పై చెక్క దిగింది, నిలువు చెక్కలు వచ్చాయి. నాన్న పలుగు గడప కిందికి దూర్చబోతే అమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చుంటే మన వీపు మీద కొట్టే అమ్మ.

"లెయ్యి," అన్నాడు నాన్న.

"దీన్ని గూడా పీకేస్తే ఇంక తిరిగొచ్చేది యాడికి?"

"నీళ్లలోకా తిరిగొస్తావు?"

"నీళ్లు వస్తే రానీ. ఇది ఈడే ఉంటుంది."

అంతవరకే నాకు తెలుసు. నన్ను సామాను బండి ఎక్కించారు. బండి మలుపు తిరిగేదాకా అమ్మ లేవలేదు. తర్వాత నాన్న ఎలాగో తీసుకొచ్చి ఉంటాడనుకున్నాను. ఎందుకంటే నువ్వు బేరిగై నుంచి వచ్చి, కొత్త పడవ చూసి, ఎవరినీ అడగకుండా నేరుగా ముందు చెక్కకు పసుపు పూసి బొట్టు పెట్టావు. నాన్న ఏమీ అనలేదు. అమ్మా అనలేదు. నువ్వు పూసింది చూసే మేమందరం దాన్ని దాటి ఎక్కడం మొదలుపెట్టాం.

గడప నీళ్ల కిందే ఉంది అక్కా.

పై చెక్క గోనెసంచిలో చుట్టి ఉంచాను. చెప్పిన రోజు పంపుతాను. ఎడమ అంచు ఇంకా జరగకుండా రెండో తాడు కట్టాను.

శ్రీరంగప్ప


22-4-2003
జూజువాడి

నాయనా శ్రీరంగా,

అగ్గిపెట్టె తెరిచినాను. రాజప్ప ఎదురుగానే తెరిచినాను. "ఏంటమ్మా, ఇంత దూరం తుప్పుపట్టిన మేకు పంపించినాడా మీ తమ్ముడు, యాడన్నా ఇనుము కొట్టు పెట్టినాడా?" అని నవ్వినాడు. నేను నవ్వలేదని నిలబడి చూసి, టీ కూడా అడగకుండా పోయినాడు.

ఆ వంకర మేకు నాది. నేను కొట్టింది. ఏ పండగో గుర్తులేదు. అమ్మ కిందనుంచి నా నడుము పట్టుకుని ఎత్తింది. నేను మేకు కొడితే అది వంగిపాయె. లాగబోతే అమ్మ ఆపింది. "ఉండనీలేవే, వంగినా ఆకు నిలుస్తుంది," అనింది. ఇన్నేండ్లు నా మోకాళ్ల ముందరే ఉండింది, తారు కింద.

ఇంకోటి చెప్తాను. పడవకు పసుపు పూసేది ఎప్పుడూ నేనే, అమ్మ పూసేది కాదు. శుక్రవారం గిన్నె కలిపి ఆమె చేతికిస్తే, "నువ్వే పూయిలే" అని నీళ్ల దిక్కు తిరిగి నిలబడేది. నాకు కోపం వచ్చేది. అమ్మకు ఇంటి మీద ప్రేమ లేదనుకునేదాన్ని. ఈ మాట ఇంట్లో ఎవరితో చెప్పేది? చెప్పినా ఎవరికి తెలుస్తుంది?

గోకుల్‌కు మేకు చూపించి కొంచెం చెప్పినాను. వాడు మంచోడే. "అయితే పై చెక్కను వాకిలి పైన పెడదాంలే అమ్మా, తోరణం కట్టొచ్చు," అన్నాడు. నేనే వద్దన్నాను. గోనెసంచిలో పెట్టుకుని ఏం చేస్తా ఉండావు, తీసి పడవకు బిగించు. పడవ విడిపోతే నువ్వు చేనికి యాడ పోతావు?

నీళ్లు దిగినాయని రాసినావు. ఎంత దిగినాయి? ఊరు కనపడేంతనా? గడపను పెరికి తెచ్చేదానికి కాదు అడిగేది. అమ్మ పీకనీలేదు, మనమెవరు? గృహప్రవేశానికి ముందు దానికి ఒక్కసారి పసుపు పూయాల. అన్నేండ్లు వేరే చెక్కకు పూసినాను, దానికి ఒక్కసారన్నా పూయద్దా?

నేనే వస్తాను. ఏ రోజని చెప్పను. చెబితే ఆ కాలు ఈడ్చుకుంటా వచ్చి బస్టాండులో నిలబడతావు.

మీ అక్క
మునిలక్ష్మమ్మ


5-5-2003
డ్యాం ఒడ్డు

అక్కకు,

పొద్దున్నే ఎండ, గాలి తక్కువ. పై చెక్క మళ్లీ బిగించాను. రెండు తాళ్లు విప్పగానే ఎడమ అంచు తన చోటికి తానే వచ్చి కూర్చుంది. మారియప్ప సుత్తి పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. దెబ్బ కొట్టే పని పడలేదని ఆయనకు కొంచెం నిరాశ. మేకుల వైపు ఈసారి తారు పూయలేదు, నూనె మాత్రమే పూశాను. విరిగిన మేకుల దగ్గర చెక్క నల్లగా మారి ఉంది, అది పోదు. పోకపోయినా పరవాలేదు.

శనివారం పడవ నీళ్లలోకి దించాం. ముందు చెమర్చింది. సాయంత్రానికి పలకలు ఉబ్బి సందులు మూసుకున్నాయి. ఆదివారం చేను దాకా పోయి వచ్చాను. బీడంతా సర్కారు తుమ్మ. వంగి మట్టి చేతిలోకి తీసుకుని చూశాను. జూన్‌కు ముందు దున్నించాలి.

నీళ్లు ఎంత దిగాయని అడిగావు. తిరిగి వచ్చేటప్పుడు పాత ఊరి మీదుగా వచ్చాను. గోడలు లేవు. బురదలో రాళ్ల వరుసలు మాత్రం తేలాయి. మన వీధి మలుపులో, మన వాకిలికి ఇటూ అటూ, రెండు తిన్నెల రాళ్లు ఎదురెదురుగా ఉంటాయి కదా, అవి పైకి వచ్చాయి. వాటి నడుమ, జానెడు నీళ్ల కింద, అడ్డంగా నల్లగా ఒకటి కనిపించింది. చెక్కో బురద గీతో చెప్పలేను. తెడ్డు పెట్టి చూడవచ్చు. పెట్టలేదు. దిగవచ్చు కూడా. దిగలేదు. నువ్వు వచ్చాక చూద్దామని పడవ తిప్పుకుని వచ్చేశాను.

అప్పటి నుంచి కాలు నిలవడం లేదు. ప్రతి బస్సు శబ్దానికీ కట్ట వైపు చూస్తున్నాను. మారియప్ప, "ఏమప్పా, పెండ్లిచూపులకు వస్తా ఉండారా?" అని ఎగతాళి చేస్తున్నాడు. నీళ్లు ఇంకో పది రోజులు ఇలాగే ఉండవచ్చు. పైన బెంగళూరు వైపు వాన పడితే రేపే ఎక్కవచ్చు. ఈ జాబు నీకు చేరేలోపల

బస్సు వచ్చింది. కట్ట మీద ఎవరో గొడుగు వేసుకుని దిగారు. చేతిలో గిన్నె ఉంది, పైన గుడ్డ కట్టి ఉంది. రాజప్ప వెనకనుంచి ఏదో అరుస్తున్నాడు. ఆ నడక చూస్తే

నూనె డబ్బా మూత తీసి పెట్టాను. ఎడమ అంచుకు ఇంకా ఒక పూత ఉంది. అది తర్వాత, ముందు పడవ తాడు విప్పాలి.